నోరు తెరిచి ఆలోచించడం

ఇంటర్న్‌షిప్ కోసం వెళ్లిన మొదటి కోడింగ్ ఇంటర్వ్యూలో ప్రశ్న విన్నాక ఎనిమిది నిమిషాలు నేను మాట్లాడలేదు. చిత్తుకాగితం మీద లెక్క వేసుకుంటూనే ఉన్నాను. జవాబు దొరికింది కూడా. మధ్యలో ఇంటర్వ్యూ చేస్తున్నాయన ‘ఎక్కడైనా ఆగిపోయావా?’ అని రెండుసార్లు అడిగితే తల అడ్డంగా ఊపానంతే. నాలుగో రోజున రిజెక్ట్ మెయిల్ వచ్చింది.

ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉండి చదివినవాణ్ణి. స్టడీ అవర్‌లో నోరు మెదపకూడదు, ఖాయంగా తెలిస్తేనే జవాబు చెప్పాలి. ఎంసెట్‌కి ఆ అలవాటే పనికొచ్చింది. టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తూ ఇంటర్న్‌షిప్‌కి తిరుగుతుంటే అదే అడ్డొచ్చింది.

రెండేళ్ల చదువులో మాకు దొరికే వేసవి ఒక్కటే. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఒక విద్యాసంవత్సరం నిండితేగాని సీపీటీ, అంటే చదువుతూనే బయట కంపెనీలో పనిచేసే అనుమతి, ఇవ్వరు. అందుకే ఆగస్టులో దిగామో లేదో, సెప్టెంబర్ నుంచే వచ్చే వేసవికి అప్లికేషన్లు మొదలవుతాయి. ప్రతి ఫారంలోనూ ఒక ప్రశ్న: ఇప్పుడు గాని, ముందుముందు గాని స్పాన్సర్‌షిప్, అంటే కంపెనీ తరఫున వర్క్ వీసా, కావాలా? ‘అవును’ అనే పెట్టాను, ప్రతిసారీ. కొన్నిచోట్ల తెల్లారేసరికి తిరస్కరణ వచ్చేది. అయినా ఆ ఒక్కచోట అబద్ధం చెప్పకూడదనే ఇప్పటికీ అంటాను.

మా ఫ్లాట్‌లో వరంగల్ అన్న ఒకాయన ఉండేవాడు, నాకంటే ఏడాది సీనియర్. నా కథంతా విని, ‘సప్పుడు చెయ్యకుండ కూసుంటే నీ తలకాయల ఏమున్నదో ఆయనకెట్ల తెలుస్తది? తప్పైనా సరే, పైకి చెప్పు’ అన్నాడు. ఆ రాత్రి నుంచి పప్పు కుక్కర్ ఎక్కించి, ఒక్కో సమస్యా ఆయనకు వినబడేలా చెప్పడం మొదలుపెట్టాను. ముందు తెలుగులో. ఆలోచన వరసలో పడ్డాక అదే ఇంగ్లీషులో.

ఫిబ్రవరిలో ఇంకో కంపెనీ పిలిచింది. కొన్ని మీటింగుల టైములిచ్చి, ఒకదాని మీద ఒకటి పడుతున్నవాటిని కలిపే ప్రోగ్రాం రాయమన్నారు. కీబోర్డు ముట్టుకోకముందే అడిగాను: ‘ఒకటి అయిదింటికి అయిపోయి, ఇంకోటి సరిగ్గా అయిదింటికే మొదలైతే కలిపేయాలా, విడిగా ఉంచాలా?’ ఇంటర్వ్యూ చేస్తున్నావిడ కుర్చీలో ముందుకు జరిగి, ‘మంచి ప్రశ్న. కలిపేద్దాం’ అన్నారు. ప్రతి జతనీ పోల్చి చూడొచ్చుగాని మీటింగులు పెరిగేకొద్దీ అది బాగా నెమ్మదిస్తుందని చెప్పాను. మొదలయ్యే టైము ప్రకారం సార్ట్ చేసుకుంటే, కొత్తదాన్ని చివర కలిపినదానితో పోలిస్తే సరిపోతుందన్నాను. మధ్యలో ఒక తప్పు చేశాను. పెద్ద మీటింగు లోపలే చిన్నది ఇమిడిపోతే ముగింపు టైము వెనక్కి వెళ్లిపోతోంది. కోడ్‌లో ఆ లైను పైకి చదువుతుంటే తప్పు నాకే వినబడింది. ‘రెండు ముగింపుల్లో పెద్దదే తీసుకోవాలి’ అని దిద్దుకున్నాను. ఆవిడ తలూపుతూ ఏదో రాసుకున్నారు.

పది రోజులకు ఆఫర్ ఫోన్ వచ్చింది, సాయంత్రం నాలుగింటికి. నెల్లూరులో అప్పుడు తెల్లవారుజాము మూడున్నర. నాన్నను లేపబుద్ధి కాలేదు. ఆఫర్ లెటర్ యూనివర్సిటీలో ఇస్తే, కంపెనీ పేరూ తేదీలూ వేసి కొత్త ఐ-20, అంటే విదేశీ విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే పత్రం, ఇస్తారు. దాని మీదున్న తేదీకి ఒక్కరోజు ముందు కూడా పనిలో చేరకూడదు. ఆ కాగితాలన్నీ సర్దుకుంటూ ఇక్కడ రాత్రి ఎనిమిది కొట్టేదాకా ఆగి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. ‘ఏం నాయనా, ఈ వేళప్పుడు చేశావు?’ అంది. అంతసేపూ కూడబలుక్కున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు.