పట్టిక పక్కన పెట్టాక: శీతోష్ణస్థితి మండలాలు చదివిన అనుభవం

పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న మిత్రులకు,

భూగోళశాస్త్రంలో నన్ను అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన అధ్యాయం ప్రపంచ శీతోష్ణస్థితి మండలాలు, వాటి సహజ ఉద్భిజ సంపద. మొదటి ప్రయత్నంలో దానినంతటినీ పెద్ద పట్టికగా రాసుకుని, అక్షాంశాలు, ఉష్ణోగ్రత, వర్షపాతం, చెట్ల పేర్లు అన్న గడులను రోజూ వల్లె వేసేవాడిని. పరీక్ష గదిలో ఆ గడులన్నీ కలగాపులగమై, దక్షిణ అమెరికాలోని పంపాలను ఉష్ణమండల గడ్డిభూముల్లోనూ, అదే ఖండంలోని లానోలను సమశీతోష్ణ గడ్డిభూముల్లోనూ తారుమారుగా రాసి వచ్చాను. పేర్లన్నీ నోటికి వచ్చినా, ఏ గడ్డిభూమి అక్కడే ఎందుకు ఉందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

రెండోసారి కొపెన్ వర్గీకరణతో మొదలుపెట్టాను. వ్లాదిమిర్ కొపెన్ మొక్కల పెరుగుదలపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని పరిశోధించినవాడు. ఆయన హద్దులు కూడా చాలావరకు మొక్కలను చూసి గీసినవే. అత్యంత చల్లని నెలలో కూడా సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకపోతే ఉష్ణమండల వర్గం. అత్యంత వెచ్చని నెల సగటు 10 డిగ్రీలకు చేరకపోతే ధ్రువ వర్గం. ఆ 10 డిగ్రీల గీత సుమారుగా చెట్లు నిలిచిపోయే గీత అని తెలిసిన తరువాత, బట్టీ పట్టిన అంకెకు అర్థం ఏర్పడింది.

అప్పటి నుంచి ప్రతి మండలానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాను: వెచ్చదనం ఉన్న కాలంలోనే నీరు కూడా అందుతోందా? సవన్నాలో, అంటే ఉష్ణమండల గడ్డిభూముల్లో, వర్షం వేసవిలోనే పడుతుంది కాబట్టి గడ్డి ఏపుగా పెరుగుతుంది. తరువాతి పొడి కాలాన్ని బావొబాబ్ వంటి చెట్లు కాండంలో నీరు నిల్వ చేసుకుని గట్టెక్కుతాయి. మధ్యధరా శీతోష్ణస్థితిలో ఈ క్రమం తలకిందులవుతుంది. వేసవిలో ఉపఅయనరేఖా అధిక పీడన మండలం (గాలి కిందికి దిగే పట్టీ) ధ్రువం వైపు జరిగి ఆ ప్రాంతాన్ని కప్పేయడంతో ఆకాశం పొడిగా ఉంటుంది. చలికాలంలో అది వెనక్కి తగ్గగా పశ్చిమ పవనాలు వర్షం తెస్తాయి. అంటే ఎండ దండిగా ఉన్నప్పుడు నీరు లేదు, నీరు ఉన్నప్పుడు ఎండ చాలదు. ఆలివ్, కార్క్ ఓక్ చెట్ల చిన్నవైన దళసరి ఆకులు, లోతుకు దిగే వేర్లు ఈ లోటును తట్టుకోవడానికి ఏర్పడినవే. పశ్చిమ పవనాలు ముందుగా తాకేది ఖండాల పశ్చిమ అంచులనే కాబట్టి కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికా నైరుతి కొస, ఆస్ట్రేలియా నైరుతి భాగం ఈ జాబితాలో వాటంతట అవే వచ్చి చేరుతాయి. అక్కడి పొదలకు చాపరల్, మతొరాల్, ఫిన్‌బోస్ అంటూ వేర్వేరు పేర్లు ఉన్నా రూపం ఒక్కటే. పరీక్షకు సంబంధించినంతవరకు ఈ ఒక్క మండలానికి వేరే రెండు మండలాలకు పట్టే సమయం కేటాయించినా నష్టం లేదని నా అభిప్రాయం.

భూమధ్యరేఖా సతతహరిత అరణ్యాల వద్ద నేను పడిన పొరపాటు వేరు. అంత దట్టమైన అడవి కింద నేల సారవంతంగా ఉంటుందని రాశాను. నిజానికి ఎడతెగని వర్షం పోషకాలను కడిగేస్తుంది; రాలిన ఆకు వెంటనే కుళ్లి, అందులోని సారం తిరిగి చెట్లకే చేరుతుంది. సంపద చెట్లలో ఉంటుంది, నేలలో తక్కువ. దీనికి భిన్నంగా, చెట్లు అంతగా లేని స్టెప్పీలలో (యురేషియా సమశీతోష్ణ గడ్డిభూముల్లో) ఏటా చనిపోయే గడ్డి వేర్లు, తక్కువ వర్షం వల్ల కొట్టుకుపోని ఖనిజాలు కలిసి చెర్నోజెం అనే నల్లని నేలను తయారుచేశాయి. ఈ రెండింటినీ పక్కపక్కన చదివితే ఒకటి రెండోదాన్ని గుర్తు చేస్తుంది.

ఎడారుల్లో అటకామా, నమీబ్‌లకు అధిక పీడనంతో పాటు శీతల ప్రవాహాలు కారణం. గోబీకి సముద్రానికి దూరం, అడ్డునిలిచిన పర్వతాలు కారణం. టైగా, అంటే చల్లని ప్రాంతాల శృంగాకార అరణ్యం, దక్షిణార్ధగోళంలో లేకపోవడానికి ఆ అక్షాంశాల్లో తగినంత భూభాగం లేకపోవడమే కారణం. స్ప్రూస్, పైన్ చెట్లు సూదుల వంటి ఆకులను ఏడాది పొడవునా నిలుపుకుంటాయి. చిన్న వేసవి మొదలవగానే కొత్త ఆకుల కోసం ఆగకుండా ఆహారం తయారుచేసుకోగలవు. అయితే తూర్పు సైబీరియాలో ఆధిపత్యం లార్చ్‌ది. అది శృంగాకార వృక్షమే అయినా చలికాలంలో ఆకులు రాలుస్తుంది. ఈ మినహాయింపును ప్రశ్నగా మార్చడం చాలా తేలిక, గమనించండి. టండ్రాకు శాశ్వత ఘనీభవన నేల, నాచులు, లైకెన్లు గుర్తుంటే చాలు.

చివరి నెలలో నేను చేసిన సాధన అంతా గ్రాఫులతోనే. ఊరి పేరు మూసిపెట్టి, నెలవారీ ఉష్ణోగ్రత గీతను, వర్షపాత స్తంభాలను మాత్రమే చూసి అర్ధగోళం, మండలం, ఉద్భిజం చెప్పడానికి ప్రయత్నించేవాడిని. ఒకసారి జూన్, జూలైలలో ఎత్తుగా లేచిన స్తంభాలను చూడగానే రుతుపవన మండలం, ఆకురాల్చు అరణ్యం అని రాసేశాను. కాగితం తొలగిస్తే అది ఆస్ట్రేలియా నైరుతిలోని, మధ్యధరా మండలపు పెర్త్. అవే నెలల్లో కిందికి దిగిన ఉష్ణోగ్రత గీతను నేను చూడనేలేదు. ఆ తరువాత ఏ గ్రాఫు ముందున్నా స్తంభాలను చేత్తో మూసి, ముందు గీతను చదవడం అలవాటు చేసుకున్నాను.