టాపు కోసిన మెర్సిడెస్‌కు ‘హెచ్’ ప్లేటు: నా అనుభవం

మెర్సిడెస్ కంపెనీ డబ్ల్యూ111 మోడల్ క్యాబ్రియోలే (టాపు తెరుచుకునే కారు) తయారీని 1971లో ఆపేశాక, నలుగురు కూర్చునే ఓపెన్ కారు మళ్లీ దాని షోరూముల్లోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో శ్రీమంతుల ముచ్చట తీర్చినవి స్టైలింగ్ గరాజ్ వంటి చిన్న వర్క్‌షాపులు. మెర్సిడెస్ ఎస్ఈసీ అనే రెండు తలుపుల కూపే కార్ల పైకప్పు కోసి, గుడ్డ టాపు బిగించి ఇచ్చేవి. స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్న నేను కొన్నది అలా మార్చిన 500 ఎస్ఈసీ.

జర్మనీలో ముప్పై ఏళ్లు దాటి, మంచి స్థితిలో, చాలావరకు అసలు రూపంలో ఉన్న కారుకు చారిత్రక వాహనమని తెలిపే ‘హెచ్’ నంబరు ప్లేటు ఇస్తారు. ఏడాదికి దాదాపు 192 యూరోల పన్నుతో సరిపోతుంది. నా కారుకు అసలు రూపమే లేదు కదా! మార్పులు మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి పదేళ్లలోపు జరిగాయని తేలితే అంగీకరిస్తామని, అందుకు రుజువు తెమ్మని తనిఖీ ఇంజనీరు చెప్పారు. ఇప్పటి ఆర్‌సీలో ఆ తేదీ లేదు. 2005లో పత్రాల నమూనా మారకముందు వాడిన ఫార్‌ట్‌సోయ్‌గ్‌బ్రీఫ్ అనే యాజమాన్య పత్రాన్ని, చెల్లదని మూల కత్తిరించినా, పాత యజమాని పారేయకుండా దాచారు. 1984లో రిజిస్టరైన బండికి మరుసటి ఏడాదే క్యాబ్రియోలేగా మార్పు నమోదైనట్టు అందులో ముద్రతో సహా ఉంది.

ఆ కాగితం చూశాక ఇంజనీరు లెదరు సీట్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పైకప్పు పోతే బాడీ బిగువు సడలుతుంది కాబట్టి, తలుపుల కిందుగా వెళ్లే సిల్స్‌లో ఎక్స్‌ట్రా రేకు వేసి వెల్డింగ్ చేస్తారు. ఆయనకు కావలసింది అదే. కారును లిఫ్టు మీద పైకి లేపించి, టార్చి వేసి వెల్డింగు గీత పొడవునా సన్నటి స్క్రూడ్రైవరు మొనతో పొడుస్తూ తుప్పు వెతికారు. తర్వాత ముందు చక్రం ఒక్కటే జాకీ మీద లేపి, ఆ వైపు తలుపు తెరిచి మూయమన్నారు. అంచు ఎక్కడా రాసుకోకుండా తలుపు పడింది. మెరిసే పెయింటు కింద పుచ్చిన సిల్స్ ఉన్న ఇలాంటి కార్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి గనుక, ఆ పరీక్షను కొనేముందు చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఆయన ఇచ్చిన నివేదికతో రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని సులువుగానే అయింది. చివరి ‘హెచ్’తో కలిపి ప్లేటులో ఎనిమిది అక్షరాంకాలు మించకూడదు కాబట్టి, కోరుకున్న పొడవాటి నంబరును మాత్రం వదులుకున్నాను.