లండన్‌లో చూసిన నాటకం, మా గంజాం నాటకం

సెలవులకు బరంపురం వచ్చినప్పటి నుంచి అందరూ చదువు గురించే అడుగుతున్నారు, నాకేమో లండన్‌లో చూసినవన్నీ చెప్పాలనుంది. నేషనల్ గ్యాలరీలో ప్రవేశం ఉచితం కాబట్టి క్లాసు అవగానే వెళ్లి, చిత్రకారుడు వాన్ గో 1888లో వేసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ ముందు నిలబడేదాన్ని. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూస్తే మాత్రం బాధేసింది, అవి మన దగ్గరే ఉండాలి.

అన్నిటికంటే నచ్చింది గ్లోబ్ థియేటర్. షేక్‌స్పియర్ కాలపు నాటకశాలలా మళ్లీ కట్టి 1997లో తెరిచారు, మధ్యలో పైకప్పు ఉండదు, చవక టికెట్ వాళ్లు నిలబడే చూడాలి, వాన పడితే తడవాల్సిందే. నటులు జనం మధ్యలోంచి వేదికెక్కుతుంటే ఒడిశాలో మా బరంపురం ఉన్న గంజాం జిల్లాలో ఆడే జానపద ప్రహ్లాద నాటకం, ఆ మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు వేసే అడుగులు గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. తాతయ్యతో కలిసి మళ్లీ చూడాలి, దగ్గర్లో ఎక్కడైనా ఆడుతుంటే చెప్పండి.