పిల్లతల్లికి దెబ్బలాట ఏమిటన్నారు

పోటీకి ముందు మహిళా బాక్సర్లు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ‘నేను గర్భవతిని కాను’ అని అందులో ఉంటుంది. అంతకు ముందు నాలుగైదు సార్లు దాన్ని చదవకుండానే సంతకం చేసి ఇచ్చాను. ఆ రోజు మాత్రం పెన్ను పట్టుకున్నాక చెయ్యి కదల్లేదు. తేదీలు లెక్క పెట్టుకుంటే తొమ్మిది రోజులు దాటిపోయాయి. బరువు తగ్గించుకునే రోజుల్లో నెలసరి అటూ ఇటూ కావడం మాకు మామూలే కాబట్టి పట్టించుకోలేదు. పెన్ను బల్ల మీద పెట్టేసి మా కోచ్ సార్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన నా సంచీ తన భుజాన వేసుకుని, “మంచి కబురమ్మా, ఇంటికి పోదాం పద” అన్నారు.

రెండేళ్ళ తరువాత అదే కాగితం మీద సంతకం పెట్టాను. ఆ మధ్య కాలం ఎలా గడిచిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా పని చేస్తారు. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు చచ్చిపోతాయి. అందుకని జనరేటర్ పక్కనే తెల్లవార్లూ మేలుకుని ఉంటారు. తెల్లారి ఆయన ఇంటికి వచ్చే వేళకు నేను బయటికి వెళ్ళాలి. మా సంసారం సగం గుమ్మం దగ్గరే నడిచింది. ఆయన కాళ్ళు కడుక్కుని పాపను ఎత్తుకుంటే నేను బూట్లు వేసుకునేదాన్ని.

పాప ఆపరేషన్‌తో పుట్టింది. కుట్లు మానాక మా అమ్మ పాత నూలు చీర చింపి నడికట్టు కట్టింది. ఆరు వారాలకు డాక్టరమ్మ పరీక్ష చేస్తూ వెల్లకిలా పడుకుని తల కాస్త ఎత్తమన్నారు. బొడ్డు పైన వేళ్ళు పెట్టి, పొట్ట కండరాల మధ్య మూడు వేళ్ళు దూరేంత ఎడం ఉందని నా చేతినే అక్కడ ఆనించి చూపించారు. ఒకప్పుడు రోజుకు రెండు వందల సిటప్స్ తీసిన పొట్ట అది. వేళ్ళ కింద నానిన అప్పడంలా మెత్తగా తగిలింది. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. సిటప్స్ తీస్తే ఆ ఎడం ఇంకా పెరగవచ్చని, ముందు ఊపిరి వదులుతూ పొట్టను లోపలికి తీసుకునే వ్యాయామమే చేయాలని, మూడు నెలలు దాటేదాకా పరుగు వద్దని ఆవిడ చెప్పారు. చేశాను. ఏమీ చేయనట్టే ఉంటుంది కానీ, నా సాధనలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. అయిదో నెలలో తాడాట మొదలు పెడితే పది గెంతులకే మూత్రం చుక్కలు పడ్డాయి. నాకు ఏదో జబ్బు చేసిందనుకుని వారం రోజులు తాడు ముట్టుకోలేదు. కాన్పు తరువాత కటి కండరాలు వదులైతే ఇలా జరుగుతుందని, మూత్రం ఆపుకున్నట్టుగా ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేస్తే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. మూడు నెలలకు తగ్గింది. ఇది రాయడానికి నేను సిగ్గుపడటం లేదు. ఈ ఒక్క మాట చెప్పుకోలేక ఆట మానేసిన ఆడపిల్లలు ఎంతమంది ఉంటారో.

మా అత్తయ్యతో మాత్రం నిజంగానే పోరాటమైంది. “పిల్లతల్లికి దెబ్బలాట ఏమిటమ్మా? మూతి పగిలితే రేపు బిడ్డ ముఖం చూసి జడుసుకోదూ?” అనేవారు. అంతకన్నా పెద్ద తగువు తిండి దగ్గర. నేను పోటీ చేసేది 57 కిలోల విభాగంలో. కాన్పయిన నెలకు 66 ఉన్నాను. నేను అన్నం తగ్గిస్తే ఆవిడ గిన్నె తెచ్చి, “పాలు ఎండిపోతాయి” అంటూ ఇంకో గరిటె వడ్డించేవారు. ఆవిడ మాటలో నిజం ఉంది. పాలిచ్చే తల్లి కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా బరువు తగ్గకూడదు. అందుకని ఇద్దరం రాజీకి వచ్చాం: వారానికి పావు కిలోకు మించి తగ్గను, బొమ్మిడాయిల పులుసు మానను, అన్నం ఒక పూటే, రెండో పూట రాగి సంకటి, మునగాకు పప్పు. ఆ లెక్క ఆవిడ కేలండర్ మీద రాసేవారు. పాప టీకా తేదీల పక్కనే నా బరువు ఉండేది.

బాక్సర్ మేరీ కోమ్ పేరు చెప్పి నాకు ధైర్యం చెప్పినవాళ్ళు చాలా మంది. 2007లో కవలలు పుట్టారు, 2008లో మళ్ళీ ప్రపంచ విజేత అయింది. ఆమె గురించి చదివినప్పుడల్లా నా మనసు పట్టుకున్నది, అప్పట్లో ఆమె భర్త పిల్లలను చూసుకున్నారన్న సంగతి. అది మా ఆయనకు కూడా చదివి వినిపించాను. ఆదివారాలు బండి మీద ముగ్గురం మైపాడు సముద్రం ఒడ్డుకు వెళ్ళేవాళ్ళం. తడి ఇసుకలో నేను పరుగెత్తుతుంటే ఆయన పాపను భుజాన వేసుకుని, నిద్ర ఆపుకుంటూ నిలబడేవారు.

పదో నెలలో స్పారింగ్‌కు, అంటే సాధన కోసం ఆడే ఆటకు దిగాను. ఎదురుగా పందొమ్మిదేళ్ళ అమ్మాయి. ముందు చేత్తో సూటిగా కొట్టే గుద్దును జాబ్ అంటారు, ఆమె మొదటి జాబ్‌కే కళ్ళు మూసుకున్నాను. ఎన్నడూ లేనిది, రింగ్‌లో నాకు బెదురు పుట్టింది. దెబ్బ తగులుతుందన్న భయం కాదు, నాకేమైనా అయితే పాప ఏమవుతుందన్న దిగులు. బెదురు పోవాలని కోపం తెచ్చుకుని మీద పడ్డాను. ఇంకా ఎక్కువ దెబ్బలు తిన్నాను. సార్ గంట కొట్టి ఆపేశారు. “కోపంగా ఉన్నవాడు ముందు గడ్డం ఎత్తుతాడు” అన్నారు. బాక్సింగ్ అంటే పగ, కసి అనుకుంటారు జనం. నాకు తెలిసిన బాక్సింగ్ నింపాదిగా చూడటం. ఎదుటి మనిషి భుజం కదిలితే చెయ్యి వస్తుంది, మడమ లేస్తే అడుగు వస్తుంది. రాత్రి రెండింటికి గుక్కపట్టిన బిడ్డను ఊరుకోబెట్టేటప్పుడు కావలసినదీ ఆ నింపాదే. ఆ ఏడాది నేను రెండు చోట్లా అదే నేర్చుకున్నాను.

విశాఖపట్నంలో రాష్ట్రస్థాయి పోటీలకు పాపకు పద్నాలుగు నెలలు. పాలు ఇంకా మానలేదు కాబట్టి పాపను, అత్తయ్యను వెంట తీసుకెళ్ళాను. పోటీ ఉన్న ప్రతి ఉదయం తూకం వేస్తారు. మొదటి రోజు ముందుగా సరిచూసుకుంటే 57 కిలోల 150 గ్రాములు. కాటా మీద ఎంత సేపు నిలబడినా తగ్గదు. నాతో ఉన్న అమ్మాయిలు చెమట పట్టడానికి స్వెట్టర్లు వేసుకుని తాడాడుతున్నారు. అత్తయ్య పాపను తెచ్చి ఒడిలో పెట్టి, “ముందు దీని కడుపు నింపు” అన్నారు. రెండు వైపులా తాగింది. ఆ తరువాత కాసేపు తాడాడి తూకం ఎక్కాను. సరిగ్గా 57. కాగితం ఇచ్చారు. ఈసారి ప్రతి అక్షరం చదివి సంతకం పెట్టాను.

మొదటి బౌట్ గెలిచాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఆ అమ్మాయికి అనుభవం తక్కువ. సెమీఫైనల్ గట్టిది. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, అయిదుగురు జడ్జీలు. మొదటి రౌండు నాది. రెండోది ఎదుటి అమ్మాయిది. మూడో దాంట్లో చివరి నిమిషం నా భుజాలు బరువెక్కిపోయాయి. చేతులు ఎత్తి ఉంచానని నేను అనుకుంటూనే ఉన్నాను. రిఫరీ ఆమె చెయ్యి పైకెత్తారు. ముగ్గురు ఆమె వైపు, ఇద్దరు నా వైపు. సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కంచు పతకం ఇస్తారు. అది మెడలో పడినప్పుడు సంతోషమో ఉక్రోషమో తెలియకుండా ఉండిపోయాను.

గదికి వచ్చేసరికి పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. కుడి చేతి కట్టు విప్పాను, ఎడమ చేతిది విప్పే వ్యవధి లేక అలాగే ఒడిలోకి తీసుకున్నాను. పాప తాగుతూ, వేళ్ళ సందున తిరిగిన ఆ కట్టు అంచు పట్టుకుని లాగుతోంది. అత్తయ్య పక్కన కూర్చుని మిగతాది మెల్లగా చుట్ట చుడుతూ విప్పారు. నాలుగున్నర మీటర్ల గుడ్డ, చెమటకు తడిసి ముద్దయి ఉంది. నా ముఖం చూడకుండానే అన్నారు: “చివర్లో ఎడమ చెయ్యి దించేశావమ్మాయ్. నేను చూశాను.”

ఊరికి వచ్చాక సార్ అదే చెప్పారు. ఇప్పుడు పెరట్లో ఎడమ గ్లోవ్‌కూ చెంపకూ మధ్య స్పాంజి బంతి ఇరికించుకుని కుడి చేత్తో గాలిలో గుద్దులు కొడుతుంటాను. చెయ్యి జారితే బంతి కింద పడుతుంది. అరుగు మీద రొయ్యలు ఒలుస్తూ అత్తయ్య తల ఎత్తకుండానే “పడింది” అంటారు. పాప పరుగున వెళ్ళి బంతి తెచ్చి ఇస్తుంది.