టిక్కు టిక్కు

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నేను మాత్రం ఒక పెన్ను ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాది కాదు. నా క్లాసులో మూడో బెంచీ మహానుభావుడిది. రెండో పీరియడ్‌లో లాక్కున్నాను, బెల్లు కొట్టాక ఇచ్చేద్దామనుకున్నాను, మర్చిపోయాను. ఇందాక కళ్ళజోడు కోసం బ్యాగులో చెయ్యి పెడితే తగిలింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

నిజానికి కూర్చున్నది దీనికోసం కాదు, హెచ్ఎం గారు అంటగట్టిన పనికోసం. మా స్కూల్లో కొత్తగా ముగ్గురు టీచర్లు చేరారు. "మేడమ్, మీరు సీనియర్లు. క్లాసులో రోజూ వచ్చే ఇబ్బందులకి ఏం చెయ్యాలో ప్రాక్టికల్‌గా ఓ పది పాయింట్లు రాసివ్వండి, రేపు పొద్దున్నే ప్రింటు తీయిద్దాం" అన్నారు. పదే ఎందుకో తెలీదు. ఏడు రాసిస్తే మిగతా మూడూ ఏవంటారు, పన్నెండు రాసిస్తే పేజీలో పట్టలేదంటారు. "నావల్ల కాదండీ" అనడానికి నోరు రాలేదు. సీనియర్ అన్నారుగా, పడిపోయాను. ఆ ఒక్క మాటతో నా చేత ఏ పనైనా చేయించుకోవచ్చని స్టాఫ్ రూమ్ మొత్తానికి తెలిసిపోయింది.

కాగితం తీసి "1" అని వేశాను. దాని పక్కన అరగంటయినా ఏమీ పడలేదు. పది సూత్రాలు చెప్పబోతున్న ఈ సీనియర్ గారు పొద్దున క్లాసులో ఏం చేశారో నాకు తెలుసు కాబట్టి.

భిన్నాల భాగహారం చెబుతున్నాను. ఏడో తరగతి, యాభై రెండు మంది. తిరగేసి గుణించండర్రా అనేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఎందుకు తిరగేస్తామో ఒక్కసారైనా కళ్ళకి చూపించాలని నా పట్టుదల. బోర్డు మీద పొడుగ్గా ఒక పట్టీ గీసి, మూడింట రెండు వంతుల్లో ఆరో వంతులు ఎన్నున్నాయో గీతలు కొడుతున్నాను. వెనకనుంచి టిక్కు. టిక్కు టిక్కు. ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ టిక్కు. బోర్డు వైపే చూస్తూ "ఎవరది?" అన్నాను. ఎవరూ కాదు. చాక్‌పీసు ఆనించానో లేదో, టిక్కు. తిరిగి చూస్తే వాడే. "ఆపు" అన్నాను. ఆపాడు. మళ్ళీ మొదలైంది. "నీకే చెబుతున్నది" అన్నాను. ఆపాడు. మూడోసారికి నడిచి వెళ్ళి పెన్ను లాక్కున్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా. క్రమశిక్షణ గురించి మొదలుపెట్టి, అమ్మానాన్నల కష్టం మీదుగా, పెద్దయ్యాక ఏమవుతావు దాకా ఉపన్యాసం ఇచ్చాను. గడియారం చూసుకుంటే నాలుగు నిమిషాలు.

లెక్కల టీచర్ని కదా, తర్వాత గుణించి చూశాను. నాలుగు నిమిషాలు, యాభై రెండు మంది. రెండు వందల ఎనిమిది నిమిషాలు. దాదాపు మూడున్నర గంటల చదువు ఒక టిక్కుకి ఖర్చు పెట్టానన్నమాట.

ఆ హడావుడిలో బోర్డు దగ్గరికి వచ్చి, ఆరో వంతులు ఎన్నని నేనే అడిగి నేనే నాలుగు అని చెప్పేశాను. కిటికీ పక్క అమ్మాయి చెయ్యి సగం లేపి, దించేసి, జడ సర్దుకుంటున్నట్టు నటించింది. చూశాను. చూసి కూడా ముందుకెళ్ళిపోయాను. ఈ సంవత్సరంలో ఆ పిల్ల చెయ్యెత్తడం ఇది రెండోసారో మూడోసారో.

సిగ్గుచేటేమిటంటే, పోయిన వారమే ఆ కొత్త టీచర్లలో ఒకమ్మాయికి ఇదే విషయం మీద క్లాసు పీకాను. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో సైన్సు క్లాసుల టేపులు విని లెక్క కట్టింది. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు విప్పుతారు, "తెలీదు"లు తగ్గుతాయి. చెప్పడానికి మూడు సెకన్లే. యాభై రెండు జతల కళ్ళ ముందు నిలబడితే తెలుస్తుంది అదెంత పొడుగో. నేను డస్టరు వెనక వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాను. ముందు ప్రశ్న, తర్వాత మూడు వేళ్ళు, ఆ తర్వాతే పేరు. పేరు ముందు పిలిస్తే మిగతా యాభై ఒక్క మందీ ఆ ప్రశ్నతో మాకేం పని అని వెనక్కి వాలిపోతారు. ఇవన్నీ ఆ అమ్మాయి నోట్సులో రాసుకుంది కూడా, పాపం. ఈరోజు నా వేలు ఒక్కటి కూడా మడత పడలేదు.

అందుకే నాకీ పాయింట్లంటే ఒళ్ళుమంట. మొన్నటి ట్రైనింగు గురించి రాయనని ఒట్టు పెట్టుకున్నాను, తీసి గట్టు మీద పెడుతున్నాను. పిల్లల్ని ఇరవై నిమిషాలకి మించి కదలకుండా కూర్చోబెట్టకూడదని చెప్పడానికి మమ్మల్ని రెండున్నర గంటలు కదలకుండా కూర్చోబెట్టారు. ప్రతి స్లైడు మీదా నవ్వుతున్న పిల్లల బొమ్మలు. ఒక్కో గదిలో పదహారు మంది, గుండ్రటి బల్లలు. "పిల్లవాడు అల్లరి చేస్తే ప్రేమతో మాట్లాడండి" అట. ప్రేమ లేక కాదు మహాశయా, పీరియడు నలభై నిమిషాలు. అందులో అటెండెన్స్‌కి అయిదు, హోంవర్కు పుస్తకాలు ఎవరు తేలేదో తేల్చడానికి అయిదు, మధ్యలో సర్క్యులర్ పట్టుకుని అటెండరు ఒకసారి, చాక్‌పీసు కోసం పక్క క్లాసు లీడరు రెండుసార్లు. మిగిలినదాంట్లో ఎప్పుడు ప్రేమించాలి? ప్రశ్నలేమైనా ఉన్నాయా అని చివర్లో అడిగి, ఒక సెకను ఆగి, "అయితే టీ తాగుదాం" అన్నాడు ట్రైనింగు ఇచ్చినాయన. నేను మూడో వేలు మడిచేసరికి మైకు కూడా కట్టేశాడు.

చెయ్యి సగం లేపాను నేను కూడా. ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

సరే. సలహాలు పనికిరావని రాసేసి పడుకుందామనుకున్నాను. కానీ పెద్ద మాస్టారు గుర్తొచ్చి పెన్ను కదల్లేదు.

నా మొదటి ఉద్యోగం, తొమ్మిది సి. అప్పట్లో నాకు తెలిసిన విద్య ఒక్కటే, వాళ్ళకన్నా గట్టిగా అరవడం. నేను ఒక మెట్టు ఎక్కితే వాళ్ళు రెండు మెట్లు ఎక్కేవాళ్ళు. నెలన్నరకి గొంతు పోయింది. బొంగురు కాదు, పూర్తిగా పోయింది. పెదాలు కదులుతాయి, గాలి వస్తుంది, అంతే. డాక్టరు నాలుగు రోజులు మాట్లాడొద్దన్నాడు. పరీక్షలు దగ్గరపడ్డాయని సెలవు ఇవ్వలేదు. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో ఏడుపొక్కటే తక్కువ. పెద్ద మాస్టారు నా వంక చూసి, "అమ్మాయ్, బెల్లు కొట్టకముందే నాతో రా" అన్నారు.

వెళ్ళాను. తొమ్మిది సి ఇంకా ఆటల పీరియడ్ నుంచి రాలేదు. ఖాళీ గది. ఆయన బోర్డు మీద ఒక లెక్క రాసి, దాని కింద ఒక్క గీత గీశారు. తర్వాత గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చి, ఒక్కొక్కళ్ళే ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళాలి కదా, సహజంగానే నెమ్మదించారు. ఒకడి భుజం తట్టారు, ఇంకొకడి ఊడిన బొత్తాం చూపించారు, ఒకమ్మాయిని "జ్వరం తగ్గిందా" అన్నారు. లోపలికి వెళ్ళినవాళ్ళకి బోర్డు మీద లెక్క కనిపించింది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. సగం మంది పుస్తకం తీశారు, మిగతా సగం వాళ్ళని చూసి తీశారు. ఆయన "ఇక నీ ఇష్టం" అని వెళ్ళిపోయారు. గొంతులేని నేను బెంచీల మధ్య తిరుగుతూ, మాట్లాడుకుంటున్నవాళ్ళ పక్కన ఊరికే నిలబడి, పుస్తకం మీద వేలు పెట్టి చూపిస్తూ నలభై నిమిషాలు గడిపేశాను. నాకేదో మంత్రం దొరికిందనిపించింది.

దొరకలేదు. మూడో రోజుకల్లా వాళ్ళు అలవాటు పడి మళ్ళీ గోల మొదలుపెట్టారు. మంత్రం పారలేదని మాస్టారితో మొరపెట్టుకుంటే, "రోజూ ముందుగా వెళ్తున్నావా?" అన్నారు. వెళ్ళడం లేదు. గొంతు వచ్చేసిందిగా.

ఏళ్ళ తర్వాత ట్రైనింగు కాలేజీ నోట్సు సర్దుతుంటే జేకబ్ కౌనిన్ అనే అమెరికా సైకాలజిస్టు కనిపించాడు. చదివినప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసిన పేరు. ఆయన క్లాసులో ఎవడో పేపరు చదువుకుంటుంటే మందలించాడట. వాడి సంగతలా ఉంచి, ఏ పాపం ఎరగని పక్కవాళ్ళంతా బిగుసుకుపోయారట. అదేమిటో తేల్చుకుందామని మొదలుపెట్టి, చివరికి క్లాసులు వీడియో తీసి మరీ చూశాడు. 1970లో ఆయన తేల్చింది ఏమిటంటే, అల్లరి మొదలయ్యాక ఎలా మందలిస్తారన్న దాంట్లో బాగా నడిచే క్లాసుకీ నడవని క్లాసుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా అల్లరి పుట్టకముందు టీచరు చేసేదాంట్లో ఉంది. వీపుకి కళ్ళున్నట్టు ఉండటం, ఒకడికి లెక్క చూపిస్తూనే ఇంకొకడిని కనిపెట్టడం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి సందు లేకుండా నడిపించడం. మాస్టారు ఇవేవీ చదివినట్టు లేదు. గుమ్మంలో నిలబడేవారు, అంతే.

ఈరోజు నేను గుమ్మంలో నిలబడలేదు. ఫోన్‌లో చిన్నదాని ఫీజు మెసేజ్ చూస్తూ, పిల్లలందరూ కూర్చున్నాక వెళ్ళాను. టిక్కు అప్పుడే మొదలైంది కాబోలు.

ఆ నోట్సులోనే ఇంకో ప్రయోగం ఉంది, 1968 నాటిది. ఒకటో తరగతి పిల్లలు ఊరికే లేచి తిరుగుతున్నారని "కూర్చో, కూర్చో" అనడం టీచర్ల చేత పెంచించారట. లేచేవాళ్ళు ఎక్కువయ్యారు! కుదురుగా కూర్చున్నవాళ్ళని మెచ్చుకోవడం మొదలుపెడితేనే తగ్గారు. నా "ఆపు"లూ అలాంటివే అయ్యుంటాయని, ఈ సోది రాస్తూ రాస్తూ ఇందాక ఆ పెన్నుతోనే "1" పక్కన ఏదో గీకబోయాను.

గీకలేదు. కాగితానికి ఆనించగానే రీఫిల్ లోపలికి పోయింది. నొక్కాను. బయటికొచ్చింది. రెండు అక్షరాలు రాశానో లేదో మళ్ళీ లోపలికి. టిక్కు. మళ్ళీ నొక్కాను. టిక్కు టిక్కు.

అయిదు నిమిషాలు దాన్ని తిప్పి తిప్పి చూశాను. చిన్నదాని డబ్బాలోంచి ఒక స్ప్రింగు పీకి వేసి చూశాను. స్ప్రింగుది కాదు తప్పు. లోపల బొత్తాం పట్టుకునే చిన్న పన్ను అరిగిపోయింది. బొటనవేలు పైన అదిమిపెట్టి ఉంచితే తప్ప ఈ పెన్ను ఒక వాక్యం రాయదు. మధ్యలో వేలు సడలితే టిక్కు. బోర్డు మీద నా పట్టీ దించుకుంటున్నాడేమో వాడు. నేను గీసిన ప్రతి గీతకీ ఒక టిక్కు. లెక్క సరిపోతోంది కూడా.

ఇది రాసి కాసేపు లేచి తిరిగొచ్చాను. అత్తయ్య లేచి నీళ్ళు తాగి, "ఇంకా పడుకోలేదా" అని వెళ్ళారు. ఆవిడ మోకాలు నొప్పి ఈరోజు నయమే.

తిరిగొచ్చాక ఇంకోలా అనిపిస్తోంది. వాడేమీ బుద్ధిమంతుడు కాదు. రెండోసారి ఆపు అన్నప్పుడు పక్కవాడి వంక చూసి ముసిముసిగా నవ్వాడు, నా కళ్ళారా చూశాను. ఆ పన్ను అరిగింది కూడా నెలల తరబడి టిక్కు టిక్కుమనిపించడం వల్లేనేమో ఎవరికి తెలుసు. వాడిని మరీ దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. కానీ "పెన్ను పాడైందా?" అని పక్కకెళ్ళి మెల్లిగా అడిగి ఉంటే పోయేదేముంది. పాడైతే ఇంకోటి ఇప్పించేదాన్ని. అల్లరైతే, తెలిసిపోయిందని వాడే ఆపేవాడు. ఎటు చూసినా అయిదు సెకన్ల పని. నా బల్ల సొరుగులో ఇలాంటి అవసరాలకనే అరడజను పెన్నులుంటాయి. ఉన్నాయి. ఈరోజు కూడా ఉన్నాయి.

హెచ్ఎం గారి కాగితం మీద ఇప్పటికి నాలుగు పడ్డాయి. పిల్లలకన్నా ముందు వెళ్ళండి. బోర్డు మీద పని ఉంచండి. ప్రశ్న అడిగి మూడు లెక్కపెట్టండి. సొరుగులో పెన్నులు పెట్టుకోండి. నాలుగోది చూసి నవ్వుతారేమో. నవ్వనీ. మిగతా ఆరూ రేపు బస్సులో చూసుకుంటాను, సీటు దొరికితే.

పెన్ను బ్యాగు బయటి జేబులో పెట్టాను, పక్కన ఇంకోటి కూడా. అటెండెన్స్ ముందే ఇచ్చెయ్యాలి, ఉపన్యాసం లేకుండా. కిటికీ పక్క అమ్మాయి సంగతి ఎలాగో తెలీడం లేదు. రేపు మళ్ళీ అదే పట్టీ గీసి అడగాలి.

పడుకోబోతూ టైంటేబుల్ చూశాను. ఏడో తరగతికి ఈరోజు ఆరో పీరియడ్‌లో సైన్సు స్లిప్ టెస్టు ఉంది. వాడు దేంతో రాశాడో.