జొన్నవాడ కామాక్షమ్మ మొక్కు తీర్చుకున్నాం

మొన్న శుక్రవారం నెల్లూరు దగ్గర జొన్నవాడలో, కామాక్షమ్మ గుళ్లో మొక్కు తీర్చుకుని వచ్చాం. ఆ సంతోషం ఇంకా మనసులో ఆడుతుండగానే రాస్తున్నా.

మాది అల్లూరు దగ్గర పల్లె, రొయ్యల చెరువులే బతుకు. ఈ పని చేసే ఇళ్లల్లో అందరికీ తెలిసిందే, ఒక పంట చేతికొస్తే మెడలోకి గొలుసు వస్తుంది, తర్వాతి పంటకు వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు తగిలిందంటే దానికి మందే లేదు, వారం పది రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోయి అదే గొలుసు తాకట్టుకు పోతుంది. మా ఆయనకు లాభం వచ్చినప్పుడూ నిద్ర ఉండేది కాదు. అర్ధరాత్రి లేచి ఇంకో పదెకరాలు లీజుకు తీసుకుందామని లెక్కలు వేసేవారు. నష్టం వచ్చాక అసలు మాటే పడిపోయింది, పిల్లలు పిలిచినా పలకరు. నెల్లూరులో సైకియాట్రిస్టుకు చూపించి మాత్రలు మొదలుపెట్టాం. అటు మాత్రలు వేస్తూనే ఇటు నేను అమ్మకు మొక్కుకున్నా, ఈ మనిషి మళ్లీ పిల్లల పక్కన కూర్చుని అన్నం తింటే ఇద్దరం వచ్చి నీ గుళ్లో నిద్ర చేస్తాం తల్లీ అని. అమ్మ విన్నది.

పెన్నలో మునిగి, తడిబట్టలతోనే ప్రదక్షిణలు చేసి లైన్లో నిలబడ్డాం. శుక్రవారం కదా, ఇసుక వేస్తే రాలదు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లిని కూడా తోసుకుని ముందుకు పోతున్నారు, అమ్మ దగ్గరికి వచ్చి కూడా ఇదేం పద్ధతండీ? నాకు కోపం వచ్చి ఒకాయనతో గట్టిగానే అన్నా. ఇంతలో గడప వచ్చేసింది. హారతి వెలుగులో అమ్మ ముక్కుపుడక మెరిసింది, అంతే, వెనకనుంచి "జరగండి జరగండి". చెప్పుకోవాలనుకున్నవి ఒక్కటీ నోటికి రాలేదు.

బయటికొచ్చాక మండపంలో కూర్చుని మా ఆయన ఒక్కసారిగా భోరున ఏడ్చారు. నష్టం వచ్చిన రోజు కూడా కంటతడి పెట్టని మనిషి. నేను కంగారుపడి నీళ్లు తాగించబోతుంటే పక్కనున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏడవనీమ్మా, ఈడ ఎవురూ ఏమనుకోరు" అంది. ఆమెది ఆత్మకూరు వైపట, కొడుకు మనసు కుదుటపడాలని అతన్ని తీసుకొచ్చి గుడి దగ్గరే ఉంటోంది. తన చాపలో సగం మాకు పరిచింది. కొడుక్కి కలిపిన పెరుగన్నంలోంచి ఒక ముద్ద తీసి, పైన ఊరమిరపకాయ పెట్టి, మా ఆయన చేతిలో పెట్టింది. ఆయన కాదనలేదు, తిన్నారు. ఆ జనం గోలలోనే, ఆ దోమల్లోనే తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయారు. నేను మాత్రం చాలాసేపు ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నా.

డాక్టరు గారు మాత్రలు అప్పుడే ఆపొద్దన్నారు, ఆపం. చెరువులో మళ్లీ రొయ్య పిల్ల వదలాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. పంట వచ్చినా రాకపోయినా శ్రావణంలో మళ్లీ వస్తామని అమ్మకు చెప్పే బయల్దేరాం. పెద్దమ్మ నంబరు తీసుకున్నా, వాళ్లబ్బాయికి ఎలా ఉందో కనుక్కోవాలి.