కారు చుట్టూ ఎంత గాలి?

జర్మనీలో నా ఉద్యోగం కార్ల చుట్టూ గాలి ఎట్లా పోతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం. లెక్కకు కారు చుట్టూ తీసుకునే గాలి పెట్టెను డొమైన్ అంటాం, దాన్ని సెల్స్ అనే చిన్న గడులుగా కోసి లెక్కిస్తాం. డొమైన్ కొలతలు మా ఆఫీసు టెంప్లేట్‌లో ముందే ఉంటాయి. ఆ కొలతే ఎందుకని అడిగేవాళ్లు తక్కువ. అడిగింది అనంతపురంలో ఎం.టెక్. చేస్తున్న మా చిన్నాన్న కొడుకు.

వీడియో కాల్‌లో ప్రాజెక్టు చూపించినాడు. కారు ముందు ఒక కారు పొడవు ఖాళీ, వెనక రెండు. వెడల్పు 6 మీటర్లు, ఎత్తు 4.

“ఇంత ఇరుగ్గా ఎందుకు పెట్టినావప్పా?”

“పెద్దది చేస్తే సెల్స్ పెరుగుతాయి కదన్నా, మా ల్యాబ్ సిస్టమ్ తట్టుకోదు.”

ఒక్క సిస్టమ్ కోసం వంతులు కాసే పిల్లల కష్టం నాకు తెలుసు. అయినా కోత పెట్టాల్సింది అక్కడ కాదు. సెల్స్‌లో ఎక్కువ భాగం కారు ఒంటిని ఆనుకుని, అద్దాల వెనక, తోక సుడిలో ఉంటాయి. దూరంగా సెల్ కొలత రెట్టింపు చేస్తే అంతే చోటుకు ఎనిమిదో వంతు సెల్స్ చాలు. డొమైన్ పెంచినా కంప్యూటర్ మీద బరువు పెద్దగా పెరగదు.

ఇరుకు చేసే నష్టం మాత్రం పెద్దది. ఎదురుగా చూస్తే కారు వైశాల్యం సుమారు 2.2 చదరపు మీటర్లు. వాడి డొమైన్ అడ్డకోత 24. అంటే 9 శాతం పైగా దారి కారే మూసేసింది. మిగిలిన సందులో గాలి వేగం పెరిగి, డ్రాగ్, అంటే కారును వెనక్కి లాగే గాలి బలం, ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. వెడల్పు 20, ఎత్తు 11 చేస్తే అది 1 శాతానికి దిగుతుంది. పొడవులో, ముందు 5 కార్లంత, వెనక 10 కార్లంత చోటుతో మొదలుపెట్టమన్నాను. ఈ వేగాల్లో కారు వల్ల కలిగే పీడనం గాలికి ఎదురు కూడా పాకుతుంది. గాలి లోపలికి వచ్చే ముఖం, ఇన్‌లెట్, దగ్గరుంటే దాన్ని అణిచేస్తుంది. గాలి బయటికి పోయే ముఖం, అవుట్‌లెట్, దగ్గరుంటే సుడి దాన్ని తగిలి గాలి లోపలికి తన్నుకొస్తుంది.

ఈ అంకెలు అన్నింటికీ పనికిరావు. భవనాలకు ఎత్తుకు 5 రెట్లు ముందు, 15 రెట్లు వెనక వదలడం వాడుక. రెక్క అడ్డకోతను 2డిలో లెక్కిస్తే లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, దాని ప్రభావం చాలా దూరం తగ్గదు. నాసా తన నాకా 0012 అనే రెక్క ఆకారం పరీక్షకు సుమారు 500 కార్డ్‌ల దూరం పెట్టింది. కార్డ్ అంటే రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా ఉన్న దూరం.

అందుకే నా అంకె కూడా నమ్మొద్దన్నాను. కారు దగ్గరి మెష్, అంటే సెల్స్ అల్లిక, కదపకుండా మూడు డొమైన్లు నడిపి, డ్రాగ్‌ను కొలిచే అంకె, డ్రాగ్ కోఎఫిషెంట్, మూడో దశాంశంలో మారడం ఆగిందా చూడమన్నాను. రెండోది రాత్రి ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు పెడతానన్నాడు.